సినిమా పాడె

బతికున్న మనిషి ఒక పూట పాడె మీద పడుకోవాలి, ఊరికే వద్దు, కూలి కూడా ఇస్తాం అంటే రావల్కోల్‌లో ఒక్క ముసలాయనా ముందుకు రాలేదు. ఎట్లా వస్తారు? సినిమాలంటే పడక కాదు. యముడికి ఇంటి గుర్తులు చెప్పి రమ్మన్నట్టుంటుందని భయం. పోయేది ఎట్లాగూ తప్పదు, దానికి ముందుగా రిహార్సల్ ఎందుకని ఒకాయన ముఖం మీదే అనేశాడు. సినిమా తీసే పిల్ల ఇషిత, అల్వాల్ అమ్మాయి, కెమెరా సామాను కారులో వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. అందరూ కూర్చోబెట్టారు, చాయ్ పోశారు, పోయిరా బిడ్డా అని సాగనంపారు. ఆఖరికి ఎవరో పెంటారెడ్డి ఇల్లు చూపించారు.

పెంటారెడ్డికి డెబ్బై దాటి చాలా కాలమైంది. ఇంటి ముందు గచ్చు మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. ఈ మధ్య ఆయనకు దేని మీదా మనసు నిలవడం లేదు. పొద్దున లేవడం ఒక పని, లేచిన పాపానికి పొద్దుగూకేదాకా ఉండటం ఇంకో పని. ఇషిత చెప్పిందంతా నూనె చెయ్యి ఆపకుండానే విన్నాడు.

కథ ఇదీ. సాంబయ్య అనే ముసలాయన చనిపోతాడు. పాడె మీద మోసుకుపోతుంటారు. సగం దారిలో దింపుడు కల్లం దగ్గర పాడె దించి, అయినవాళ్లు చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు కదా, ప్రాణం ఎక్కడన్నా కొసకు పట్టుకుని ఉంటే తిరిగి వస్తుందేమోనన్న ఆశతో. ఆ మూడు పిలుపుల్లోనే సినిమా అంతా. మొదటి పిలుపుకు సాంబయ్య పిల్లవాడై చెరువులో ఈదుతుంటాడు. రెండో పిలుపుకు పెళ్లిపందిట్లో కూర్చుని తన పెళ్లికి వచ్చిన ముసలి సాంబయ్యను తనే చూసి, ఈయనెవరని పక్కవాణ్ని అడుగుతాడు. మూడో పిలుపుకు తన ఇంటి గడప ముందు నిలబడి, లోపల నవ్వులు వింటూ, పోవాలా వద్దా అని ఆలోచిస్తాడు. లేవాలంటే లేవగలడు. కానీ లేవడు.

"ఎందుకు లేవడు?" అన్నాడు పెంటారెడ్డి.

"అలసిపోయిండు తాతా. బతుకంతా ఒకసారి చూసుకున్నంక మళ్ల మొదలుపెట్టే ఓపిక లేదు."

నూనె చెయ్యి ఆగింది. "గిది నిజమే" అన్నాడు పెంటారెడ్డి. "నేను పండుకుంట."

లోపలి నుంచి దుర్గాబాయి బియ్యం చేట పట్టుకునే బయటికి వచ్చింది. నలభై ఏళ్లకు పైగా ఆయనతో కాపురం చేసిన మనిషి, ఆయన వెర్రిమొర్రి పనులు చాలా చూసింది గానీ ఇది కొత్త. "నీకేమన్న గాలి సోకిందా? సచ్చినంక ఎట్లాగూ పండుకుంటవు గద. గంత తొందరేంది?" అంది.

"యముడు నన్ను ఎప్పుడో సూసి వద్దన్నడే" అన్నాడాయన.

అదీ నిజమే. ఆయన కంటే ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోతే, ఈయన పుట్టగానే వాళ్లమ్మ తీసుకుపోయి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటావిడ ఎవరిదో పారేసిన పిల్లవాడన్నట్టు ఎత్తుకొచ్చి ఇచ్చింది. పనికిరాని వాడనుకుని చావు పక్కనుంచి పోతుందని నమ్మకం. ఆ పేరే ఉండిపోయింది. ఆ తరువాత ఆరేడేళ్లకు పుట్టినవాడికి ఏ భయమూ లేకుండా మాణిక్‌రెడ్డి అని ముద్దుగా పేరు పెట్టుకున్నారు.

ఆ మాణిక్‌రెడ్డి పేరు ఈ ఇంట్లో వినబడి పదేళ్ల పైమాటే.

అన్నదమ్ములిద్దరూ ఒకప్పుడు శామీర్‌పేట దారిలో అంగూర్ తోట పెట్టారు. అప్పుడు ఇటు మేడ్చల్ దాకా ఎక్కడ చూసినా ద్రాక్ష పందిళ్లే. రాతికడీలు పాతి, ఇనుప తీగలు లాగి, బిడ్డల్ని సాకినట్టు సాకారు. కొమ్మలు కత్తిరించే కాలంలో అన్న ఈ కొస నుంచి, తమ్ముడు ఆ కొస నుంచి మొదలుపెట్టి వరస నడుమ కలుసుకునేవారు. కలిసిన చోట చెరో బీడీ. పురుగుమందు డబ్బాను కర్రకు కట్టి ముందొకరు వెనకొకరు మోసుకు తిరిగేవారు. మాట అక్కర్లేకుండా పని సాగే అన్నదమ్ములని ఊరు చెప్పుకునేది. వాళ్లమ్మ పోయినప్పుడు ఆ తోట మూలనే దహనం చేసి, అక్కడే చిన్న సమాధి కట్టారు. పూత బాగా వచ్చిన ఏడు మొదటి గుత్తి అక్కడే పెట్టేవారు.

తరువాత బోర్లు ఎండాయి. తీగలు ఎండాయి. భూములకు రేట్లు వచ్చాయి. అందరూ అమ్మారు, వీళ్లూ అమ్మారు. పెంటారెడ్డి ఒక్కటే అడిగాడు, అమ్మ ఉన్న మూల ముట్టవద్దని. అప్పటికే ప్లాట్ల వ్యాపారంలో తిరుగుతున్న మాణిక్‌రెడ్డి "గా మూల నా జిమ్మ అన్నా, ఎవ్వర్ని ముట్టనియ్య" అన్నాడు. ఒకనాడు పొద్దున్నే జేసీబీ వచ్చింది. పెంటారెడ్డికి కబురు అంది, పరుగెత్తుకు పోయేసరికి అక్కడ సమాధి లేదు. చదును చేసిన ఎర్రమట్టి ఉంది, దాని మీద రోడ్డుకు సున్నం గీత ఉంది. నాకు చెప్పకుండా చేశారని మాణిక్‌రెడ్డి మొత్తుకున్నాడు. చెప్పే చేశామని ఆ ప్లాట్లవాళ్లు అన్నారు. ఏది నిజమో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

అప్పుడు పెంటారెడ్డి ఊరంతా చూస్తుండగా ఒక మాట అన్నాడు. "నేను సచ్చినా సరే, నువ్వు నా పాడె ముట్టొద్దు."

మన దగ్గర తిట్లకు కరువు లేదు. పొద్దున తిట్టుకుని సాయంత్రం ఒకే బండి మీద కల్లుకు పోయేవాళ్లు ఎంతమందో. కానీ ఇది తిట్టు కాదు. పెంటారెడ్డికి కొడుకులు లేరు, ఒక్కతే బిడ్డ దీప, మేడ్చల్‌లో ఇచ్చారు. రేపు ఆయన పోతే పాడె ముందు నడవాల్సిన వాడు, చెవిలో మూడుసార్లు పిలవాల్సిన వాడు ఆ తమ్ముడే. వాణ్ని వద్దన్నాడంటే తన చావును తానే దిక్కులేనిది చేసుకున్నట్టు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా పెద్దలు? మాణిక్‌రెడ్డి తలవంచుకుని పోయాడు, బహదూర్‌పల్లిలో ఇల్లు కొనుక్కున్నాడు. ఆనాటి నుంచి ఊళ్లో ఎవరు పోయినా, అన్న భుజం పెట్టిన పాడెకు తమ్ముడు చెయ్యి కూడా తగలనిచ్చేవాడు కాదు. దూరంగా నడిచేవాడు.

కోపం ఎన్నాళ్లుంటుంది? రెండు మూడేళ్లకే అరిగిపోయింది. మాట మాత్రం అరగలేదు, గొంతులో ముల్లై కూర్చుంది. చచ్చేలోగా ఆ మాట వెనక్కి తీసుకోవాలి, అదొక్కటే పెంటారెడ్డికి మిగిలిన కోరిక. ఎట్లా తీసుకోవాలో తెలియదు. ఒకసారి బస్సెక్కి బహదూర్‌పల్లి పోయి, ఆ కాలనీ గేటు దాకా నడిచాడు కూడా. ఎవరింటికి, ఏం పని అని గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నవాడు అడిగాడు. ఏం పని అంటే ఏం చెప్పాలి? అడ్రస్ తప్పొచ్చిన అని చెప్పి వచ్చేశాడు. ఆ సంగతి దుర్గాబాయికి కూడా చెప్పలేదు.

షూటింగ్ నాడు ఎండ పొద్దున్నుంచే చురుక్కుమంటోంది. ఊరి బయట మట్టిబాట మీద పచ్చి వెదురుతో పాడె కట్టారు. పెంటారెడ్డిని దాని మీద పడుకోబెట్టి, తెల్లగుడ్డ కప్పి, తాళ్లు చుట్టి, మెడలో బంతిపూల దండ వేశారు. ముక్కులో దూది పెట్టేటప్పుడు తుమ్మొచ్చి, అందరూ నవ్వారు. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. వెన్ను కింద వెదురు కణుపులు గుచ్చుకుంటుంటే, దీని మీద పోయినవాళ్లు ఎవరూ ఫిర్యాదు చేయలేదు కదా అనుకున్నాడు. అయినా పడుకోవడం హాయిగానే ఉంది. లెమ్మని ఎవరూ అనరు.

చిక్కంతా మోసేవాళ్ల దగ్గర వచ్చింది. వ్యాను నడిపే ఆసిం ఒకడు, శామీర్‌పేట వాడు, పెంటారెడ్డిని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. ఇషిత మనుషులు ఇద్దరు. నాలుగోవాడుగా ఒప్పుకున్న ఊరి మనిషిని ఇంట్లోవాళ్లు వచ్చి చెయ్యి పట్టి లాక్కుపోయారు. బతికున్నవాణ్ని మోస్తే మోసిన ఇంటికి మంచిది కాదట. ఇషిత తల పట్టుకుంది.

అప్పుడే కారు వచ్చి ఆగింది. పెంటారెడ్డి ఒక కన్ను తెరిచి చూశాడు. దిగింది మాణిక్‌రెడ్డి. మనిషి సగమయ్యాడు. ముఖం నల్లబడింది. ఇంత ఎండలోనూ తెల్లచొక్కా చేతులు మణికట్టు దాకా దించి గుండీలు పెట్టుకున్నాడు. ఎవరు పిలిచారో పెంటారెడ్డికి వెంటనే అర్థమైంది. నా మాట వినడు, నువ్వన్నా వచ్చి ఆపు మరిదీ అని దుర్గాబాయి ఫోన్ చేసి ఉంటుంది. పండుగకూ పబ్బానికీ ఆవిడ దొంగచాటుగా మరిదితో మాట్లాడుతుందని ఆయనకు తెలుసు, తెలియనట్టు ఉంటాడు. గబుక్కున కళ్లు మూసుకున్నాడు. గుండె మాత్రం శవానికి ఉండాల్సినంత నెమ్మదిగా లేదు.

మాణిక్‌రెడ్డి పాడె వైపు చూడకుండా ఇషితతో అన్నాడు. "ఏం బిడ్డా, ఆయనకు నీళ్లన్న తాపిన్రా? ఎండ సూడు ఎట్లున్నదో."

పెంటారెడ్డి కళ్లు తెరవకుండా అన్నాడు. "ఆసిం, నాకు దూప అయితలేదని చెప్పు."

"ఏంది చాచా, నడుమ నేనేమన్న పోస్ట్‌మ్యాన్‌నా?" అన్నాడు ఆసిం. ఎవరూ నవ్వలేదు, వాడూ తగ్గాడు.

ఇక ఆపమంటాడు, లేపి తీసుకుపొమ్మంటాడు అని పెంటారెడ్డి కాచుకున్నాడు. మాణిక్‌రెడ్డి ఆ ఊసే ఎత్తలేదు. "ఒకరు తక్కువున్నరా?" అని అడిగాడు. అవునని ఇషిత చెప్పింది.

"నేను పట్టుకుంట" అన్నాడు మాణిక్‌రెడ్డి. "కానీ ఆయన్ని ఒక్కమాట అడుగు బిడ్డా. నేను ముట్టొచ్చునా అని."

ఇషితకు ఇదంతా తెలియదు, అడగడానికేముంది అన్నట్టు చూసింది. తెలిసిన ఆసిం మాత్రం నేల చూపులు చూశాడు. పదేళ్లుగా పెంటారెడ్డి వెతుకుతున్న తలుపు తానే తెరుచుకుని ఎదురుగా నిలబడింది. నువ్వు ముట్టకపోతే ఎవరు ముడతారురా అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ మొండిఘటం కదా, చితి దాకా పోయినా బింకం పోదు.

"సినిమా పాడె గద" అన్నాడు. "ఎవరైన ముట్టొచ్చు."

ఎత్తారు. తలవైపు ఎడమ పక్కన తమ్ముడే ఉన్నాడని చూడకుండానే తెలిసింది. మందు డబ్బా మోసిన రోజుల్లో వినీవినీ అలవాటైన ఊపిరి. కానీ అప్పుడు ఆ ఊపిరి ఇట్లా ఎగపోసేది కాదు. పది బారలు నడిచేసరికి గొంతులో ఈల మోగినట్టు మోగుతోంది. ఇషిత పరుగున వచ్చి "అంకుల్, మీరు వదిలేయండి, వేరేవాళ్లను చూస్తా" అంది.

"వద్దు. నడువుండ్రి" అన్నాడు మాణిక్‌రెడ్డి.

వేపచెట్టు నీడ దగ్గర దించారు. దింపుడు కల్లం అన్నమాట. ఇప్పుడు పిలవాలి. చెవి దగ్గర వంగి సాంబయ్యా, సాంబయ్యా, సాంబయ్యా అని మూడుసార్లు అనాలని ఇషిత చెప్పింది.

"అన్నను పేరు పెట్టి పిలుస్తరా ఎవరన్న?" అన్నాడు మాణిక్‌రెడ్డి. "నేను పిలవ."

"మరి ఎట్లా పిలుస్తారు?"

"తమ్ముడు ఎట్ల పిలుస్తడో గట్లనే పిలుస్త."

ఆ పిల్ల కాసేపు ఆలోచించి సరేనంది. కెమెరా తిరిగింది. పెంటారెడ్డి చెవి దగ్గర వేడి ఊపిరి తగిలింది. మందుల వాసన వచ్చింది.

"అన్నా."

పెంటారెడ్డి కదలలేదు. కథలో లేవకూడదు. అలసిపోయినవాడు లేవడు.

"అన్నా."

పందిరి వరస అవతలి కొస నుంచి, ఆకుల అడుగు నుంచి వినబడే గొంతు ఇదే. ఎక్కడిదాకా వచ్చినవే అని అడిగే గొంతు.

"అన్నా. ఓ అన్నా."

మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. ఇషిత ఆపమంది. దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది, శవం ఏడవదు తాతా అని. తుడిచి మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అన్నా, మళ్లీ నీళ్లు. ఇంకోసారి. ఇంకోసారి. ఇంత కాలం ఒక్కసారి కూడా వినని పిలుపు ఆ పూట ఎన్నిసార్లు విన్నాడో లెక్క లేదు. నడుము విరిగిపోతోంది, తాళ్లు ఒరుసుకుంటున్నాయి. అయినా ఆయనకు ఆ షాట్ ఓకే కావాలని లేదు. పిలిచే గొంతు కూడా మొదట్లోలా లేదు, కొసకు వచ్చేసరికి విరిగిపోతోంది. చివరికి ఇషితే దిగివచ్చింది. నీళ్లు ఉంటే ఉండనీ, ఇదే బాగుంది అనుకుని, తరువాతి షాట్ కోసం చెరువు కట్ట వైపు సామాను సర్దించింది. అందరూ అటు పోయారు.

నీడలో అన్నదమ్ములే మిగిలారు. మాణిక్‌రెడ్డి పాడె పక్కన కూలబడి తాళ్లు విప్పుతున్నాడు. పెంటారెడ్డి ముక్కులో దూది తీసి పారేశాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని ఆయనకు తెలుసు.

"మాణిక్" అన్నాడు. "గా దినం నేనొక మాట అన్న."

"ఇడిసిపెట్టే."

"ఇడిసిపెట్టేది కాదు. గది అనే మాట కాదురా. కోపంల ఒర్రిన. అప్పటికెల్లి అన్నం సైతం సక్కగ దిగుతలేదు నాకు. ఇగో, ఇప్పుడు చెప్తున్న, నేను సచ్చిననాడు ముందర నువ్వే నడువాలె. నువ్వే పిలువాలె. ఇంకెవరు పిలిచినా నాకు వద్దు."

అనేశాడు. గొంతులో ముల్లు ఊడినట్టయింది. తమ్ముడు ఏడుస్తాడనో, కాళ్లు పట్టుకుంటాడనో అనుకున్నాడు. మాణిక్‌రెడ్డి రెండూ చేయలేదు. తాడు ముడి దగ్గరే వేళ్లు ఆగిపోయాయి.

"గది నా నసీబుల లేదే అన్నా" అన్నాడు.

ఎడమ చేతి గుండీ విప్పి చొక్కా పైకి లాగాడు. మోచేతి లోపలి వైపు నరం బొటనవేలంత లావున ఉబ్బి, వంకర తిరిగి ఉంది. దాని మీద సూది మచ్చలు. పెంటారెడ్డికి ఏం అర్థం కాక చెయ్యి వేసి చూశాడు. బోరు మోటరు నడుస్తుంటే పైపు మీద చెయ్యి పెట్టినట్టు లోపల ఏదో గిర్రున అదురుతోంది.

"ఏందిరా గిది?"

"రెండు కిడ్నీలు పోయినయి. మిషన్ల రక్తం కడిగిస్తరు, దానికోసం గిట్ల జేసిన్రు. ఇప్పుడు గుండె గూడ ఆగమైందంట. ఎక్కువ దినాలు చెప్తలేరు." మాణిక్‌రెడ్డి చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "వదినెకు చెప్పలే. చెప్పకు."

ముందు పోయేది తానేనని పెంటారెడ్డి నమ్మకం, పెద్దవాణ్ని కాబట్టి ఆ వంతు తనదేనని ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నాడు. ఆ మాట వెనక్కి తీసుకున్నా తీసుకోకపోయినా ఒకటే అయిపోయింది. ఇక ఆ మాటతో పని లేదు. పదేళ్లు. దేవుడా, పదేళ్లు పాడు చేసుకున్నాను అనుకున్నాడు.

"దుర్గ నిన్ను ఆపమని పిలిచింది గద" అన్నాడు చివరికి. "నువ్వేమో మొయ్యవడితివి. గీ పానంతోని మోసుడేందిరా?"

"ఆపనీకె రాలేదే నేను. వదినె ఫోన్ జేసి నిన్ను పాడె మీద పండబెడుతున్నరంటే, గప్పుడే అనుకున్న. నీ పాడె మోసేదాంక నేనుండ. సినిమాదైనా ఒక్కపారి మోద్దామని వచ్చిన."

చెరువు కట్ట మీద నుంచి ఆసిం కేక వేస్తున్నాడు, పాడె పట్టుకురమ్మని. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి, ఏ ఆసుపత్రి అని, పిల్లలు చూస్తున్నారా అని, అన్నం తింటున్నావా అని. పెంటారెడ్డి నోటికి వచ్చింది మాత్రం వేరే.

"బరువున్ననారా?"

"ఉన్నవే" అన్నాడు మాణిక్‌రెడ్డి. "నడుమల దించుదామనిపిచ్చింది. దించలే."